మైకేల్ మధుసూదన దత్తు: స్వనగర పునరాగమనము

ఉద్యోగార్థమై దూరదేశమునకు బోయి, కొన్ని యేండ్లకు రిక్తహస్తములతో పుట్టిన యూరికి మరలివచ్చిన యువకునిపట్ల మన కుటుంబములయందు జరుగు మర్యాద యెట్టిదో చదువరు లెల్ల రెఱిగినదే. వచ్చిన దినమున కుశలప్రశ్నము లుండును. నెల గడచునప్పటికి, ఇంకను ఇంటనే యున్నావా యను చూపు తప్ప వేఱొక పలుకరింపు మిగులదు. మన వార్షికమహాసభా సంచికకు ఒక ప్రసిద్ధపురుషుని చరిత్రము వ్రాసి పంపుమని సంపాదక మహాశయులు కోరినపుడు, రాజులను మంత్రులను విడిచి, 1856వ సంవత్సరమున ఉద్యోగము లేక, ధనము లేక, తలిదండ్రులు లేక కలకత్తా రేవున దిగిన యొక వంగకవిని నేనెన్నుకొనుటకు కారణ మిదియే. అతడు మన దేశభాగమువాడు కాడు. మన కులమువాడును కాడు. ఐనను ఎనిమిదేండ్లు చెన్నపట్టణమున నివసించి మన తెలుగుభాష నభ్యసించినవాడు. మఱియు నతడు తన జీవితమున రెండుమాఱులు స్వనగరమునకు మరలివచ్చెను. మొదటిమాఱు బీదవాడుగా వచ్చి బీదవానివలెనే బ్రదికెను. రెండవమాఱు బారిస్టరుగా వచ్చి ప్రభువువలె బ్రదుక బూనెను. ఈ రెండు రాకలకును గల భేదమును చూపుటకే ఈ చరిత్రము వ్రాయుచున్నాను.

మధుసూదనుడు 1824వ సంవత్సరము జనవరి 25వ తేదీన, జెస్సోరు మండలమునందు కపోతాక్షి నదీతీరమున గల సాగరదాడి గ్రామమున జన్మించెను. ఆ గ్రామ మిప్పుడు బంగ్లాదేశమున నున్నది. వారిది కాయస్థకుటుంబము. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తా సదరు దివానీ అదాలతునందు వకీలు. విశేషముగ నార్జించి విశేషముగ వ్యయపెట్టినవాడు. తల్లి జాహ్నవీదేవికి వంగభాషారామాయణ భారతములయందు మిక్కిలి మక్కువ. కుమారునికి వానిని మొదట వినిపించిన దామెయే. తమ్ములు బాల్యముననే గతించుటచే ఆ యింటికి మధుసూదను డొక్కడే మిగిలెను. చిన్నతనముననే అతడు కలకత్తాకు గొనిరాబడి, ఖిదిర్‌పూరునందలి తండ్రి గృహమున పెరిగెను. కావున జన్మస్థానము సాగరదాడియే యైనను అతని యూరు కలకత్తాయే యనవలెను. కోరినది కోరకమున్నే చేతికందు నట్టి యింట పెరిగినవాడు గాన, ధనముయొక్క విలువ అతడు బాల్యమున నేర్చుకొనలేదు. పెద్దవాడై నేర్చుకొన్నది కొలదికాలమే నిలిచెను.

హిందూ కళాశాలయందు అతడు చదివెను. అచ్చట ఆంగ్లసాహిత్యమును బోధించిన కాప్టెన్ రిచర్డుసను దొర ప్రభావము ఆ విద్యార్థులపై మెండు. మధుసూదనుడు ఆంగ్లమున పద్యములు వ్రాయుచు, ఇంగ్లాండునకు బోయి మిల్టనువంటి వారి సరసన కూర్చుండవలెనని కలలు గనుచుండెను. ఆ కాలముననే తండ్రి అతనికి వివాహము నిశ్చయించెను. కన్యను జూడకుండ వివాహమాడుటకు మధుసూదను డంగీకరింపలేదు. 1843వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన ప్రాతమిషను చర్చియందు క్రైస్తవమతమును స్వీకరించెను. మతమందలి విశ్వాసమెంత, వివాహమును తప్పించుకొను నాతురత యెంత, ఇంగ్లాండుపై మోహమెంత యని జీవితచరిత్రకారులు నేటికిని తర్కించుచునే యున్నారు. తలిదండ్రులకు మాత్రము ఉన్న యొక్క కుమారుడును బ్రదికియుండగనే దూరమయ్యెను.

హిందూ కళాశాలయందు క్రైస్తవునకు స్థానము లేదు గాన, 1844వ సంవత్సరమున బిషప్సు కళాశాలలో చేరెను. చదువుకు గావలసిన ధనమును, కొడుకు మతము మార్చుకొన్నను, తండ్రియే కొన్నియేండ్లు పంపుచుండెను. రాజనారాయణుని కోపిష్ఠిగనే వర్ణించువారు ఈ విషయమును మఱవరాదు. గ్రీకు, లాటిను, సంస్కృతము అతడచ్చట నేర్చెను. కడకు తండ్రీకొడుకుల నడుమ మిగిలిన కొంచెపు సంబంధమును తెగి, ధనము పంపుట ఆగిపోయెను. కలకత్తాలో ఉద్యోగము దొరకలేదు. 1847వ సంవత్సరాంతమున మధుసూదనుడు ఎవరికిని చెప్పక ఓడ యెక్కి, 1848 జనవరి నెలలో చెన్నపట్టణమున దిగెను.

చెన్నపట్టణమున అతనికి దొరకినది అనాథబాలుర పాఠశాలలో స్వల్పవేతనముగల యుపాధ్యాయపదవి. ఆ వృత్తియందే కాలము గడపిన నావంటివానికి ఈ భాగము చదువునపు డొక యాత్మీయత కలుగుట సహజము. పాఠశాల వేతనము చాలక పత్రికలకు వ్రాసెను. కొన్నింటికి సంపాదకత్వమును నెఱపెను. 1848 జులైలో రెబెకా మెక్‌టావిష్ అను నామెను వివాహమాడెను. మఱుసటి సంవత్సరము కాప్టివ్ లేడీ యను ఆంగ్లకావ్యమును ప్రకటించెను. కలకత్తాలో దాని కాదరము లభింపలేదు. బెతూను దొర దానిని జదివి, ఇంతటి శక్తి గలవాడు స్వభాషలో వ్రాసినచో దేశమునకు మేలగునని హితవు చెప్పెను. ఆంగ్లకవి కాదలచిన యువకునికి ఆ మాట అప్పటికి చేదుగనే యుండియుండును. ఐనను దాని నతడు మఱచిపోలేదు.

1849వ సంవత్సరమున గౌరదాస బసాకు అను బాల్యమిత్రునకు వ్రాసిన లేఖలో మధుసూదనుడు తన దినచర్యను తెలిపెను. ఉదయ మాఱు గంటలు మొదలు రాత్రి పదిగంటల వఱకు హీబ్రూ, గ్రీకు, లాటిను, ఆంగ్లములకు వేళలు నిర్ణయించుకొనుటే గాక, మధ్యాహ్నము రెండుగంటలు మొదలు ఐదుగంటల వఱకు తెలుగునకును సంస్కృతమునకును కేటాయించెను. నడుమ పాఠశాలలో నాలుగు గంటల బోధన. వంగసాహిత్యమునకు యుగకర్త కానున్న మహాకవి మన యక్షరములు దిద్దుకొన్నాడని తెలిసినపుడు ఏ తెలుగువాడు సంతసింపడు? అదే సంవత్సరమున అతడు గౌరదాసుని కోరిన దేమనగా, కృత్తివాసుని రామాయణమును, కాశీరామదాసుని భారతమును తనకు పంపుమని. మాతృభాష నాలుకనుండి జాఱిపోవుచున్నదని అతనికి భయము కలిగెను. తల్లి చదివి వినిపించిన గ్రంథములనే తెప్పించుకొనెనుగదా! దేహము చెన్నపట్టణమున నున్నను, మరలి వచ్చుట అప్పుడే ఆరంభమైనదని నాకు తోచుచున్నది.

ఆ తల్లి 1851వ సంవత్సరమున మరణించెను. తండ్రి 1855 జనవరిలో మరణించెను. తండ్రి మరణవార్త కుమారునకు దాదాపు సంవత్సరము వఱకు తెలియలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో గౌరదాసుని లేఖ వచ్చెను: తలిదండ్రు లిరువురును లేరు, ఇంటిని, భూములను జ్ఞాతులు పంచుకొన జూచుచున్నారు, వెంటనే బయలుదేరి రావలెను. మధుసూదనుడు జీవించి లేడను వదంతియు కలకత్తాలో వ్యాపించియుండెనని చెప్పుదురు. బ్రదికియున్నవానిని చనిపోయినవానిగ జేయుట ఆస్తి తగవులలో వంగదేశమునకే ప్రత్యేకమైన విద్య కాదు.

1856 జనవరి చివర అతడు చెన్నపట్టణము విడిచెను. రెబెకాయు నలుగురు బిడ్డలును అక్కడనే యుండిపోయిరి. వారిని మరల అతడు పిలిపించుకొనలేదు. ఆ దంపతుల నడుమ అప్పటికే కలతలుండెను. పాఠశాలలో తనతో పనిచేసిన వైటు దొర కుమార్తె హెన్రియెట్టాపై అతని మనస్సు నిలిచియుండెను. ఆమె 1858వ సంవత్సరమున కలకత్తాకు వచ్చి అతనితో తుదివఱకు నుండెను. రెబెకా చెన్నపట్టణముననే బిడ్డలను బెంచి 1892 వఱకు జీవించెను. కవిని మెచ్చువారు ఈ ప్రకరణమును తొందరగ దాటిపోవుదురు. స్వనగరమునకు మరలుట ఒకనికి పునర్జన్మమైనను, వెనుక దిగవిడువబడినవారికి అది యేమైనదో తలంపకుండుట న్యాయము కాదు. ఈ దోషము అతనిది. దానిని కావ్యగుణము కప్పజాలదు.

ఫిబ్రవరి మొదట కలకత్తాలో దిగినపు డతనికి ముప్పదిరెండేండ్లు. ఎనిమిదేండ్ల క్రిందట ఏ నగరము ఉద్యోగ మీయలేదో, అదే నగరమున మరల ఉద్యోగము వెదకుకొనవలసి యుండెను. ఖిదిర్‌పూరు గృహ మున్నది గాని అది పరుల చేతిలో నున్నది. హిందూసమాజమున అతడు పరుడు. దొరల సమాజమున నల్లవాడు. మొదట తాను చదివిన బిషప్సు కళాశాలలోనే కొలదిదినములు తలదాచుకొనెను. తరువాత నతనికి నీడ యిచ్చినవా డెవడు? జ్ఞాతి కాడు. కిశోరీచంద్ర మిత్రుడను విద్యాధికుడు అప్పుడు పోలీసు కోర్టున మేజిస్ట్రేటుగ నుండెను. ఆయన తన యుద్యానగృహమున మధుసూదనునకు వసతి యిచ్చి, తన కోర్టులోనే గుమాస్తాపని ఇప్పించెను. గౌరదాసుడు పాతమిత్రుల నందఱిని గూర్చి అతనిని మరల వారి నడుమ నిలువబెట్టెను.

గ్రీకు లాటినులు ఎఱిగినవాడు, ఆంగ్లకావ్యము ప్రకటించినవాడు, పోలీసు కోర్టున గుమాస్తాయై కూర్చుండుట చిన్నవిషయము కాదు. మన పట్టభద్రులలో నెందఱు దాని నంగీకరింతురు? అతడు దాని నంగీకరించెను. కొంతకాలమునకు అచ్చటనే ద్విభాషి యయ్యెను. ముద్దాయిలు, సాక్షులు తమతమ భాషలలో చెప్పినది దొరకు ఆంగ్లమున వినిపించుట ఆ పని. దినమెల్ల సామాన్యజనుల మాట చెవిని బడుచుండుట, ఇంట అచ్చతెనుగువలె అచ్చవంగమును మఱచిపోవుచున్న కవికి ఎంత యుపకారము చేసెనో యూహింపవచ్చును. కొంతకాలమునకు లోయరు చిత్పూరు రోడ్డున ఒక మేడలో కాపురము పెట్టెను. మేఘనాదుడు పుట్టినది ఆ యింటనే.

ఒకప్రక్క వ్యాజ్యము నడచుచుండెను. చదువరులకు ఒక చట్టవిషయము తెలుపుట అవసరము. 1850వ సంవత్సరపు 21వ చట్టము, మతము మార్చినంతమాత్రమునను కులమునుండి వెలివడినంతమాత్రమునను వారసత్వపు హక్కు పోదని శాసించెను. ఆ చట్టము పుట్టి ఆఱేండ్లయినది. అది లేనిచో మధుసూదనునకు తండ్రి యాస్తిపై నిలిచి వాదించు తావే చిక్కియుండదు. ఐనను చట్టమున్నంతనే ఆస్తి చేతికి వచ్చునా? సంవత్సరములు గడచెను. న్యాయస్థానముల చుట్టు తిరుగుటకు ధనము కావలెను. ధనము గుమాస్తా వేతనమునుండి రావలెను. అప్పులును జేసెను. కడకు ఆస్తిలో నధికభాగ మతనికి దక్కెను.

ఈ యిరుకున నున్నప్పుడే భాగ్యము వేఱొక ద్వారమున వచ్చెను. పైకపాడా రాజులు ప్రతాపచంద్రసింహుడు, ఈశ్వరచంద్రసింహుడు బెల్గాఛియాలోని తమ తోటయందు నాటకశాల నేర్పఱచి, 1858వ సంవత్సరమున రత్నావళిని వంగభాషలో ప్రదర్శింప నుద్యుక్తులైరి. శ్రీహర్షుని నాటికకు ఆ రూపము రామనారాయణ తర్కరత్నముగారు కూర్చినది. చూడవచ్చు దొరలకొఱకు దాని నాంగ్లమున అనువదింపవలసివచ్చెను. గౌరదాసుడు మధుసూదనుని పేరు చెప్పెను. ఆ పనికి ఐదువందల రూపాయలు లభించెను. పోలీసు కోర్టు ద్విభాషికి అది పెద్దమొత్తమే. కాని అనువాదము చేయుచు నతడు చింతించిన దేమనగా, ఇంత స్వల్పమైన నాటకమునకు ఈ ప్రభువు లింత ధనము వెచ్చించుచున్నారే యని. తాను వ్రాసి చూపెదనని మిత్రునితో పంతమాడెను. వంగమున ఒక లేఖయైన సరిగ వ్రాయని వీడు నాటకము వ్రాయునా యని మిత్రులు నవ్వియుందురు. కొన్ని వారములలోనే భారతమునందలి యయాతికథను గొని శర్మిష్ఠ యను నాటకమును వ్రాసి వారి కందించెను. అది 1859వ సంవత్సరమున ప్రకటితమై, ఆ బెల్గాఛియా నాటకశాలయందే ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరమే పుట్టిన కూతురికి శర్మిష్ఠ యనియే పేరు పెట్టెను.

అటుపై వచ్చిన మూడేండ్ల పంటను జూచినచో ఆశ్చర్యము కలుగును. రెండు ప్రహసనములు, పద్మావతి, కృష్ణకుమారి నాటకములు, తిలోత్తమాసంభవము, మేఘనాదవధము, వ్రజాంగన, వీరాంగన కావ్యములు వరుసగ వెలువడెను. ఇవి యన్నియు ఉద్యోగము చేసికొనుచు, వ్యాజ్యము నడపుకొనుచు, అప్పులవారికి సమాధానము చెప్పుకొనుచు వ్రాసినవి. ఒకే వేళ ఇద్దఱు ముగ్గురు పండితులను కూర్చుండబెట్టుకొని వేఱువేఱు గ్రంథములను చెప్పి వ్రాయించెడివాడని ప్రతీతి.

తిలోత్తమాసంభవముయొక్క పుట్టుక చెప్పదగినది. వంగకవులకు పయారు అను ఛందస్సు ప్రధానము. పాదమునకు పదునాలుగక్షరములు, రెండేసి పాదములకు అంత్యప్రాస, పాదాంతమున భావము నిలువవలెను. అంత్యప్రాస లేని అమిత్రాక్షరము వంగభాషలో సాధ్యము కాదని జతీంద్రమోహన ఠాకూరు వాదించెను. మధుసూదనుడు సాధ్యమనెను. వ్రాసి చూపినచో ముద్రణవ్యయము తాను భరింతునని జతీంద్రమోహనుడు పలికెను, పలికినట్లు భరించెను. మన తెలుగు పద్యములయం దంత్యప్రాస నియమము లేదు. వాక్యము పాదమును దాటి ప్రవహించుట మన కాదికవినాటినుండి పరిపాటియే. కావున ఇం దేమి నూతనత్వమని మనవారు శంకింపవచ్చును. వంగదేశమున మాత్రము అది శతాబ్దముల కట్టను తెంచినట్లయ్యెను. పదునాలుగక్షరముల కొలతను విడువక, విరామమును మాత్రము భావ మెచ్చట నాగునో అచ్చటికి మార్చెను. ఎనిమిదేండ్లు పరదేశమున చదివిన మిల్టను, హోమరులకు అప్పుడు ప్రయోజనము కలిగెను.

మేఘనాదవధము 1861వ సంవత్సరమున ముద్రితమైనది. తొమ్మిది సర్గములు. వీరబాహుని మరణవార్తతో నారంభించి, మేఘనాదుని దహనముతోడను అతని భార్య ప్రమీల చితి నెక్కుటతోడను ముగియును. వాల్మీకియందు ఇంద్రజిత్తు లక్ష్మణునితో భీకరయుద్ధము చేసి పడును. ఇందు లక్ష్మణుడు దేవతాసాహాయ్యమున యజ్ఞశాల జొచ్చి నిరాయుధుడగు మేఘనాదుని వధించును. సంస్కృతసంప్రదాయమున పెరిగిన నాకు ఈ మార్పు రుచింపలేదు. రుచింపవలెనను నిర్బంధమును లేదు. ఐనను పుత్రులను గోల్పోయి శూన్యమైన సభయందు కూర్చున్న రావణుని శోకమును చదువునపుడు శత్రుపక్షమును మఱతుము. రాక్షసరాజును వర్ణించుచున్నపుడు కవి కన్నులయెదుట ఖిదిర్‌పూరు గృహమున నొంటరిగ మిగిలిన రాజనారాయణుడు నిలిచియుండునని నా యభిప్రాయము. కుమారుడు తండ్రిని జూడ రాలేకపోయెను. వచ్చునప్పటికి తండ్రి లేడు. చెప్పవలసిన దెచ్చటనో చెప్పవలెను గదా.

ఆ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన కాళీప్రసన్నసింహుడు తన విద్యోత్సాహినీసభ పక్షమున మధుసూదనుని సత్కరించి, సన్మానపత్రమును వెండిపాత్రమును సమర్పించెను. రిక్తహస్తుడై వచ్చి ఐదేండ్లు నిండి కొలదిదినములే యైనవి. స్వనగర మతనిని గుర్తించినది. ఇంతతో నిలిచినచో ఈ చరిత్రము సుఖాంతమై యుండెడిది.

కాని ఆస్తి చేతికి రాగానే బాల్యమునాటి ఇంగ్లాండు మోహము మరల తలయెత్తెను. కవిత్వముతో జీవనము జరుగదు; బారిస్టరైనచో విశేషముగ నార్జింపవచ్చునని తలచెను. తలంపు తప్పనరాదు, లెక్క తప్పినది. ఖిదిర్‌పూరు గృహమును విక్రయించి, భూములను కౌలున కిచ్చి, కౌలుధనమును భార్యకును తనకును నెలనెల పంపునట్లు ఏర్పాటు చేసి, 1862 జూను 9వ తేదీన ఓడ యెక్కెను. ధనము కొంతకాలము వచ్చి ఆగిపోయెను. 1863వ సంవత్సరమున హెన్రియెట్టా బిడ్డలతో తానే ఇంగ్లాండు చేరెను. లండనులో బ్రదుకుట దుర్భరమై వారు ఫ్రాన్సుదేశమందలి వెర్సేల్సు పట్టణమునకు పోయిరి. అచ్చట అంగడివారి యప్పులతో, చెఱసాల భయముతో గడపిన దినములు అతని జీవితమున నతిదారుణములు. 1864 జూనులో అతడు ఈశ్వరచంద్ర విద్యాసాగరునకు తన దుఃస్థితి విన్నవించుకొనెను. విద్యాసాగరుడు చుట్టము కాడు, స్వకులజుడు కాడు, ధనికుడును కాడు. ఆగస్టునెలలో పదునైదువందల రూపాయలు వెర్సేల్సు చేరెను. తరువాతను తాను పూటపడి, ఇతరులయొద్ద అప్పుదెచ్చి ఆ మహానుభావుడు పంపుచునే యుండెను. వెర్సేల్సులోనే మధుసూదనుడు వంగభాషకు నూతనమైన చతుర్దశపదులను వ్రాసెను. వానిలో నొకటి సాగరదాడి ప్రక్కన బాఱు కపోతాక్షినిగూర్చినది.

1866 నవంబరులో బారిస్టరు పట్టము లభించెను. కుటుంబమును ఫ్రాన్సుననే యుంచి 1867 ఫిబ్రవరిలో అతడు కలకత్తాకు రెండవమాఱు మరలివచ్చెను. ఈమాఱు చేతిలో పట్టమున్నది; కీర్తి యున్నది; వెనుక ఋణము కొండయంత యున్నది. విద్యాసాగరుడు ముందుగనే సుకియా వీధిలో నొక యిల్లు సిద్ధము చేసి యుంచెను. మధుసూదనుడు ఆ యింటికి బోలేదు. దొరలు దిగు స్పెన్సు హోటలులో మూడుగదులు తీసికొని రెండేండ్లకు పైగా నచ్చటనే నివసించెను. బారిస్టరు హోదాకు అది తగునని అతని భావము. హైకోర్టున ప్రవేశము సులభముగ దొరకలేదు; నడవడినిగూర్చి ఆక్షేపణలు వచ్చి, నగరప్రముఖుల యోగ్యతాపత్రములు సమర్పించిన పిదప మేనెలలో అనుమతి లభించెను. అంతవఱకు ఆదాయము లేదు. హోటలు వ్యయము మాత్ర మాగలేదు. ఆదాయము వచ్చిన పిదపను వ్యయము దానికి ముందే నడచుచుండెను. యాచకునకు లేదనడు, మిత్రులకు విందులు చేయుట మానడు. విద్యాసాగరుడు తాను పూటపడిన ఋణములకై మాటపడుచుండెను. ఆ ఋణము తీర్చుటకు మిగిలిన భూములు విక్రయింపబడెను.

1856లో మిత్రుడు చూపిన గది చాలినవానికి 1867లో మిత్రుడు సిద్ధము చేసిన యిల్లు చాలకపోయెను. పదునొకండేండ్లలో నింత మార్పు! నగరము మారలేదు, మిత్రులు మారలేదు. మేఘనాదవధమువంటి గ్రంథము మరల రాలేదు. హెక్టరువధ యను గద్యము 1871లో అసంపూర్ణముగ వెలువడెను.

1870వ సంవత్సరమున హైకోర్టులో ప్రీవీకౌన్సిలు పత్రములను పరీక్షించు నుద్యోగము మంచి వేతనముతో దొరకినది. దానిని రెండేండ్లకే విడిచి మరల వకాల్తాకు వచ్చెను. పురూలియా, ఢాకా మున్నగు చోట్లకు బోయెను. పంచకోట సంస్థానమున కొలదికాలము పనిచేసెను. ఆరోగ్యము చెడెను. 1873లో ఉత్తరపాడా గ్రంథాలయభవనమున కొన్నివారము లాశ్రయము పొందెను. ఆ మేనెలలో పదునాలుగేండ్లైనను నిండని శర్మిష్ఠకు త్వరపడి వివాహము చేసిరి. తలిదండ్రు లిరువురును తమ కాలము సమీపించెనని యెఱిగియుండిరి. ఆ దినములలోను ఒక నాటకసంఘమువారికొఱకు మాయాకాననమను నాటకమును వ్రాయుచుండెను.

జూను 26వ తేదీన హెన్రియెట్టా మరణించెను. ఆలీపూరు ఆసుపత్రిలో నున్న భర్తకు ఆ వార్త తెలిసెను. లేవలేని స్థితిలో నుండెను. మూడుదినములకు, 29వ తేదీన, అతడును గతించెను. నలువదితొమ్మిదేండ్లు. క్రైస్తవసంఘములవారు అతని శవమునకు తావిచ్చుటకు వెనుకాడుటచే సమాధిక్రియ మఱునాటి వఱకు ఆగెను. లోయరు సర్క్యులరు రోడ్డు శ్మశానవాటికలో ఆ దంపతులు ప్రక్కప్రక్కన నున్నారు.

సమాధికొఱకు మధుసూదనుడు తానే వంగభాషలో కొన్ని పాదములు వ్రాసి యుంచెను. తరువాతికాలమున అవి శిలపై చెక్కబడెను. వానిలో బారిస్టరు పట్టముయొక్క ప్రస్తావన లేదు, ఇంగ్లాండు లేదు, తన కావ్యముల పేరైనను లేదు. దారిని బోవు బాటసారి నొక్కింత నిలువుమని వేడి, తాను దత్తకులోద్భవుడనని తెలిపి, జెస్సోరు, సాగరదాడి, కపోతాక్షీతీరము అని జన్మభూమిని జెప్పి, రాజనారాయణుడు తండ్రి యనియు జాహ్నవి తల్లి యనియు పేర్కొనెను.